బేడ గొట్టాలు

1956 ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున, ఆదోనిలోని కాశప్ప మిల్లులో, ఇంజను చూసే బడే సాబ్ ఇత్తడి గ్లాసులో వేడినీళ్లు పట్టి, ఊది, ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. నాలుక మీద కాసేపు ఉంచి ఉమ్మేశాడు. మళ్లీ పట్టాడు. మళ్లీ ఉమ్మేశాడు.

“ఏమన్నా, పంటినొప్పా?” అన్నాడు బాయిలరులో బొగ్గు వేసే గిడ్డయ్య.

“ఉప్పు,” అన్నాడు బడే సాబ్. “నిప్పు లాగెయ్. ఇంజను ఆపుతాండా.”

పత్తి ముమ్మరంగా దిగే నెల అది. గేటు బయట బండ్లు బారులు తీరి ఉన్నాయి. లోపల గింజ తీసే మరలన్నీ ఒక్కసారిగా నిలిచిపోయేసరికి, ఎప్పుడూ అరుచుకుని మాట్లాడుకునే ఆడకూలీల గొంతులు ఆవరణంతా వినిపించాయి. ఆఫీసు గదిలోంచి యజమాని కాశప్ప చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చాడు.

ఇంజను ఆగితే మిల్లు యజమాని కంగారు పడటం వింత కాదు. ఆ రోజు ఆయన ముఖంలో కంగారుకన్నా కోపం ఎక్కువగా ఉంది. ఆ ఇంజను ఆపినవాడే నాలుగు నెలల కిందట, పదిమంది ముందు, ఆయనకు ఒక మాట ఇచ్చాడు.

ఆ మాట ఏమిటో తెలియాలంటే ముందు నీళ్ల సంగతి తెలియాలి. కాశప్ప మిల్లు బావిలో నీళ్లు ఉప్పన. అవి బాయిలరులో పోస్తే నెల తిరక్కుండా లోపల గార రాయిలా పేరుకుంటుంది. అందుకని ఇంజను వదిలే ఆవిరిని వృథా పోనీయకుండా చల్లార్చి, నీళ్లుగా మార్చి, ఆ మంచినీళ్లనే తిరిగి బాయిలరుకు పంపుతారు. చల్లార్చే ఇనుప పీపాను కండెన్సరు అంటారు. దాని లోపల రెండువందల నలభై సన్నని గొట్టాలు పదహారు వరసల్లో ఉంటాయి. గొట్టాల లోపల బావినీళ్లు పరుగెత్తుతాయి, బయట ఆవిరి కమ్ముకుంటుంది. ఏ ఒక్క గొట్టానికి చిల్లు పడినా ఉప్పునీళ్లు వచ్చి మంచినీళ్లలో కలుస్తాయి. ఆ సంగతి అందరికన్నా ముందు తెలిసేది బడే సాబ్ నాలుకకు. గంటకొకసారి రుచి చూడటం ఆయన ఉద్యోగం.

ఆ పీపా అసలు ఓడది. బొంబాయి దారూఖానాలో విరగ్గొట్టిన ఒక పాత స్టీమరు నుంచి ఇంజనుతో సహా కాశప్ప కొనుక్కొచ్చాడు. దాని మూత విప్పడం ఆదోనిలో ఎవరికీ చేతకాలేదు. అప్పుడు ఎవరో చెప్పారు, కోట కింద పేటలో ఓడల్లో పనిచేసి వచ్చినవాడు ఒకడున్నాడని.

బడే సాబ్ దూదేకుల ఇంట పుట్టాడు. తండ్రి భుజాన ఏకుడు విల్లు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి పరుపుల దూది ఏకేవాడు. కొడుక్కి పదేళ్లకే ఆ పని వచ్చింది, పద్దెనిమిదేళ్లకు ఆ ధూళి అంటే విసుగు పుట్టింది. 1925లో బొంబాయి మెయిలు ఎక్కాడు. సముద్రం మీద మోజుతో పోలేదు. దూది లేని చోటు ఎక్కడైనా సరే అనుకుని పోయాడు. ఓడలో బొగ్గు వేసే ఆగ్‌వాలాగా చేరి, ఇంజనుకు నూనె పెట్టే తేల్‌వాలా అయ్యి, ఇరవైనాలుగేళ్లు ఇంజను గదుల్లోనే గడిపాడు. 1949లో ఎడమచేతి మీద మోచేతి దాకా కాలిన మచ్చతో తిరిగి వచ్చాడు.

ఊళ్లో ఎవరూ నమ్మలేదు. టీ అంగట్లో మొదటి రోజే అడిగారు, తిమింగలం ఎంతుంటుందని. “సూడలేదు,” అన్నాడు. సముద్రంలో పొద్దు గూకడం ఎట్లుంటుందని అడిగారు. “ఎప్పుడో ఒకటి రెండు మార్లు సూసినా. ఇంజను గదికి కిటికీ ఉండదు గదప్పా,” అన్నాడు. ఇరవైనాలుగేళ్లు ఓడలో ఉండి సముద్రాన్ని చూడనివాడు ఉంటాడా? బొంబాయిలో ఏ పరుపుల అంగట్లోనో దూది ఏకి వచ్చి కోతలు కోస్తున్నాడని తేల్చేశారు. సముద్రం సాబ్ అని పేరు పెట్టారు. ఆయన ఆ పేరుకు పలకలేదు, తగవుకూ పోలేదు.

మిల్లులో చేరిన ఆరేళ్లకు, 1955 వానల్లో, పీపాలోని పాత ఇత్తడి గొట్టాలు వరసగా చిల్లులు పడ్డాయి. కొత్తవి ఏ రకం వేయించాలని కాశప్ప అడిగితే బడే సాబ్ తడుముకోకుండా చెప్పాడు.

“తెల్ల గొట్టాలు తెప్పీ సావుకారీ. రాగిలో నికెలు కలిపింటారు. ఎర్ర సముద్రంలో ఎండాకాలం నీళ్లు కాగినట్ల వేడిగుంటాయి. ఇత్తడి గొట్టాలు రెండు మూడు మార్లు పోయొస్తేనే పోయేటివి. ఈ తెల్లవి వేసినంక తొమ్మిదేండ్లు ఒగటి కూడా మార్సలేదు.”

“గ్యారంటీ ఎవరిస్తారు?”

“నేనిస్తా. పదేండ్లు.”

గుమాస్తాలు, బండ్లవాళ్లు, పత్తి దళారులు అందరూ విన్నారు. గొట్టాలు వచ్చాయి. చూడటానికి అచ్చం రెండణాల నాణెం రంగులో ఉన్నాయి. లోహమూ దానికి దగ్గర చుట్టమే. బేడ కాసు రంగు కాబట్టి కూలీలు వాటికి బేడ గొట్టాలని పేరు పెట్టారు. కాశప్ప ఊరికి వచ్చిన ప్రతివాణ్ణీ తీసుకెళ్లి చూపించాడు.

ఇప్పుడు నాలుగు నెలలకే ఉప్పు.

పీపా మూతలు రెండూ విప్పించి, లోపల గొట్టాల చుట్టూ నీళ్లు నింపి చూస్తే పదకొండు గొట్టాలు కారుతున్నాయి. కాశప్ప గొంతు పెంచలేదు. “బొంబాయికి తంతి కొడ్తాండా సాబూ. శుక్రవారం మెయిలుకు ఇంజనీరు దిగుతాడు. గొట్టాలదే తప్పంటే అమ్మినోళ్లతో నేను మాట్లాడుకుంటా. నీ మాట మాత్రం ఈ మిల్లులో ఇంక ఎవరూ వినరు. ఆ ఇంజను కాడ ఇంకొకణ్ణి పెట్టుకుంటా.”

ఉద్యోగం పోతుందన్న దిగులు బడే సాబ్‌కు లేకపోలేదు. అంతకన్నా గట్టి దిగులు ఇంకొకటి ఉంది. ఓడల్లో నేర్చిన విద్య మొత్తంలో ఆయన ఊరి ముందు పణం పెట్టింది ఆ ఒక్క మాటే. అది తప్పయితే ఇరవైనాలుగేళ్లూ అబద్ధమైనట్టే.

గిడ్డయ్య ఊరుకోలేదు. “సముద్రం సాబన్నా, ఈ బాయిలో చేపలేమన్నా ఉండాయేమో సూసుకో. గొట్టాలు కొరికింటాయి.”

“ఉంటే పట్టి నీకే కూర వండిస్తాలే. ముందు రంపం తే.”

కారిన గొట్టాల్లో ఒకదాన్ని ఊడదీసి నిలువునా కోశాడు. రెండు గంటలు పట్టింది. లోపల అంతా పలుచటి గోధుమరంగు పొర, నున్నగా, ఆరోగ్యంగా ఉంది. ఉప్పునీళ్లలో ఈ లోహం తన ఒంటి మీద తానే కప్పుకునే చర్మం అది. అది ఉన్నన్నాళ్లూ నీళ్లు దాన్ని ఏమీ చేయలేవు. అయితే గొట్టం నోటి నుంచి రెండు మూరల దూరంలో ఒక్కచోట చర్మం లేచిపోయి, గుర్రపు లాడం ఆకారంలో గుంట పడి, గుంట నడుమ చిల్లు ఉంది. లోపలి రాగి ఎర్రగా మెరుస్తోంది.

లాడం గుర్తు ఆయనకు తెలుసు. నీళ్లు మరీ వేగంగా పోయినచోట చర్మం నిలవదు. లేచిపోయిన చర్మం మళ్లీ కట్టుకునేలోపే నీళ్లు మళ్లీ గీకేస్తాయి. ఓడల్లో ఆ గుర్తులు ఎప్పుడూ గొట్టం నోటి దగ్గరే, నీళ్లు సుడి తిరిగి దూరేచోట పడేవి. ఇక్కడ రెండు మూరల లోపల పడింది. ఇంకొకటి కోశాడు, నాలుగు మూరల దగ్గర. మూడోది కోశాడు, ఇంచుమించు అవతలి కొసలో. ఒకే బావి, ఒకే పంపు, ఒకే వేగం. చోటు మాత్రం ఏ గొట్టానికి ఆ గొట్టానిదే.

బుధవారం మధ్యాహ్నం నాలుగో గొట్టంలో దొరికింది. చిల్లుకు ఇవతల, నీళ్లు వచ్చే వైపు, గోరంత బూడిదరంగు ముద్ద అతుక్కుని ఉంది. పాచి అనుకున్నాడు. వేళ్ల మధ్య నలిపితే పాచిలా చిదగలేదు. రెండు బొటనవేళ్లతో పట్టి మెల్లగా లాగాడు. సాగి, పోగులు పోగులుగా విడిపోయింది.

దూది.

ఎండకు పట్టి చూశాడు. మరలోంచి వచ్చిన దూదయితే ఉండల్లో ఆకు నలుసు, గింజ పొట్టు ఉంటాయి. దీనిలో నలుసు లేదు, ముడి లేదు. ఏకిన దూది. ఆ మిల్లులో దూది ఏకేవాడు ఒక్కడే ఉన్నాడు.

జరిగింది ఇది. కొత్త గొట్టాలు వచ్చినప్పుడు, వారానికొకసారి వాటి లోపల తుడవడానికి తీగ కుంచెలు వాడవద్దని కాశప్ప చెప్పాడు. అంత మేలైన లోహాన్ని గీకడానికి ఆయనకు మనసొప్పలేదు. “హగరి పత్తి మేలురకం తీసుకో సాబూ. పసిబిడ్డను తుడిసినట్లు తుడిపీ,” అన్నాడు. ఓడల్లో దూది వాడరనీ, గట్టి నార కుంచెలే దూరుస్తారనీ బడే సాబ్‌కు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. పైగా, ఏళ్లుగా గోడకు వేలాడిన తండ్రి విల్లు దించి, ఆదివారం పొద్దునే దూది ఏకి, ఉండలు చేసి, తానే తెచ్చి ఇచ్చాడు. ఆదోని పత్తి, దూదేకుల చెయ్యి, ఓడ గొట్టం ఒక్కచోట కలవడం ఆయనకు లోలోపల గొప్పగా ఉండింది. ఆ ఉండల్లోంచి తెగిన పీచు గొట్టం లోపల అక్కడక్కడా చిక్కుకుంది. దాన్ని తప్పించుకుని సందులోంచి దూరే నీళ్లు రెండింతలు మూడింతల వేగం అందుకుని, దాని వెనకాలే లోహాన్ని తొలిచాయి.

ఇంటికి పోయి భార్య హజరా బీకి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె రొట్టె తడుతూ వింది.

“ఇంజనీరు కనుక్కుంటాడా?”

“కనుక్కోడు. ముద్ద నా జేబులో ఉండాది.”

“మరి ఎందుకు చెప్పడం? గొట్టాలే బాగలేవంటే పాయె గదా. గొట్టానికి మానమా మర్యాదా? మనకుండాయి.”

“దాని తరపున మాటిచ్చింది నేనే కదా. అది మాట నిలబెట్టుకునింది. నేనే నిలబెట్టుకోలేదు.”

హజరా బీ రొట్టె పెనం మీద వేసింది. “నీ మాట నమ్మిందే నలుగురు. అట్ల చెప్పినంక ఆ నలుగురూ ఉండరు,” అని, రొట్టె తిరగేస్తూ, “శుక్రవారం పొద్దున రొట్టె తిని పో. ఉత్త కడుపుతో చెప్పొద్దు,” అంది.

నిరూపణ ఎలాగన్నది ఇంకా తేలలేదు. జేబులో ముద్ద చూపిస్తే, ఎక్కడిదో తెచ్చావంటారు. గురువారం పొద్దున పీపా ముందు కూర్చుని, కారిన గొట్టాలకు పెట్టిన సుద్ద గుర్తులు చూస్తూ ఉన్నాడు. పదకొండు గుర్తులూ పై పది వరసల్లోనే ఉన్నాయి. కింది ఆరు వరసల్లో ఒక్కటీ లేదు. నీళ్లకు పైన కింద తేడా లేదు. తుడిచే చేతులకు ఉంది. పై వరసలు తుడిచేది ఉరుకుందమ్మ, కింది వరసలు ఈరమ్మ. ఇద్దరూ మిల్లులో ఏళ్లుగా ఉన్న కూలీలు.

ఈరమ్మను పిలిచి అడిగాడు.

“తుడ్సినా అన్నా! ఆ వీరభద్రుని మీద ఒట్టు!”

ఉరుకుందమ్మ పక్కనుంచి మూతి విరిచింది. “ఒట్లు పెడ్తాంది సూడు. గొట్టం కొన తడిపి వచ్చేది. నా రైకంతా నీళ్లు, దీని కొంగుకు సుక్క తడి ఉండేది కాదు.”

బడే సాబ్ కింది వరసలో ఒక గొట్టం ఊడదీసి కోశాడు. లోపల సన్నని బురద పూత. వేలితో తుడిచాడు. బురద కింద చర్మం చెక్కు చెదరకుండా ఉంది. దూది పోగు లేదు, గుంట లేదు.

“ఈరమ్మా, నీవు తుడవలేదని ఒక్క మాట ఇంజనీరు ముందర సెప్పు. పని పోకుండా నేను సూసుకుంటా.”

ఈరమ్మ అటూ ఇటూ చూసింది. “వంగితే మోకాళ్లు పట్టుకుంటాయన్నా,” అంది చివరికి. “ఒగ వారం కూడా తుడవలే.”

“నీవు మా ఎర్ర సముద్రం సారంగు కంటే మేలు,” అన్నాడు బడే సాబ్. సారంగంటే ఓడ కూలీల మేస్త్రీ, తన తప్పు ఎన్నడూ ఒప్పుకోనివాడు. ఆ మాట ఆమెకు అర్థం కాలేదు గాని, తిట్టు కాదని తెలిసింది.

శుక్రవారం బొంబాయి ఇంజనీరు మెయిలు దిగాడు. గొట్టాలు చూసి, చిల్లులు చూసి, గంటలో తేల్చేశాడు. హిందుస్తానీలో ఆయన చెప్పినదాన్ని కాశప్పకు తెలుగులో అందించినవాడు బడే సాబే. లోహంలో కల్తీ ఉంది, నికెలు తగ్గించి పోశారు, అమ్మినవాళ్లకు నోటీసు ఇవ్వాలి. ఇంత మేలైన లోహం నాలుగు నెలలకు చిల్లు పడటానికి ఇంకో కారణం ఉండదు.

కాశప్ప ముఖం తేటపడింది. “అయితే మన సాబు తప్పేం లేదు. ఏమప్పా సాబూ, ఊరికే నిన్ను అంటిని.”

అక్కడితో ఆగిపోయినా సరిపోయేది. గిడ్డయ్య కూడా ఆ రోజు వెక్కిరించలేదు. బడే సాబ్ ఇంజనీరు మాటలు తెలుగులోకి మార్చడం పూర్తిచేసి, “ఇంతవరకు ఆయన మాట. ఇప్పుడు నా మాట,” అన్నాడు. “గొట్టం మంచిది. తప్పు దూదిది.”

ఇంజనీరుకు చెబితే ఆయన నవ్వాడు. ఆయన నవ్వాడని గుమాస్తాలు నవ్వారు. “పత్తి లోహాన్ని తింటాదంట! ఆదోనిలో కూసుని పత్తిని అంటావా సాబూ?” అన్నాడు కాశప్ప.

బడే సాబ్ సుద్ద గుర్తులు చూపించాడు. పై పది వరసలు, కింది ఆరు వరసలు. కోసిన గొట్టాలు పక్కపక్కన పెట్టాడు. ఈరమ్మను ముందుకు పిలిచాడు. ఆమె తల దించుకుని, అందరూ వినేలా, “కింది వరసలు తుడవలేదు సావుకారీ,” అంది. “మీరు పసిబిడ్డ అన్యారు. నాకు ఆరుగురు బిడ్డలు. ఒంగి ఒంగి నడుం పాయె.”

ఇంజనీరు నవ్వు ఆగింది. కోటు విప్పి గిడ్డయ్య చేతికిచ్చి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇంకా చిల్లు పడని గొట్టాల్లో తనకు తోచిన మూడు గొట్టాలు పై వరసల్లోంచి, మూడు కింది వరసల్లోంచి తీయించాడు. కోయించాడు. భూతద్దం పెట్టి చూశాడు. పైవాటిలో రెండింట దూది పీచు ఉంది, దాని వెనక లాడం గుంట అప్పుడే మొదలై ఉంది. కిందివాటిలో బురద తప్ప ఏమీ లేదు. ఆయన లేచి, మోకాళ్లు దులుపుకుని, బడే సాబ్‌ను ఏ కంపెనీ ఓడల్లో పనిచేశావని అడిగాడు. ఓడల పేర్లు, కెప్టెన్ల పేర్లు, ఏ రేవులో ఏ యేడు గొట్టాలు మార్చారో అన్నీ వరసగా విన్నాడు. ఏడేళ్లలో ఆ ప్రశ్న ఆదోనిలో ఆయనను అడిగినవాడు మరొకడు లేడు.

సాయంత్రం ఆఫీసులో ఇంజనీరు రిపోర్టు టైపు చేయిస్తూ, దూదితో తుడవమని ఎవరు చెప్పారని అడిగాడు. కాశప్ప కిటికీ వైపు చూశాడు.

“దూది ఏకింది నేను. ఓడలో కుంచెలు సూసింది నేను. సావుకారి సూడలేదు,” అన్నాడు బడే సాబ్. “నా పేరు రాయండి.”

ఇంజనీరు అవసరం లేదన్నాడు. శుభ్రం చేయడంలో పొరపాటు అని రాస్తే చాలన్నాడు. బడే సాబ్ ఒప్పుకోలేదు. పేరు లేని పొరపాటు రేపు మళ్లీ గొట్టం నెత్తిన పడుతుంది. చివరికి ఆ కాగితంలో ఒక వాక్యం చేరింది. ఇంజను డ్రైవరు బడే సాబ్ తానే ఏకిన దూదితో తుడిపించాడు, కారణాన్ని కూడా ఆయనే కనిపెట్టాడు, లోహంలో లోపం లేదు. గుమాస్తా చదివి వినిపించినప్పుడు బడే సాబ్ గడ్డం నిమురుకుంటూ రెండుసార్లు విన్నాడు.

శనివారం చెడిన గొట్టాల నోళ్లకూ, ఊడదీసినవాటి రంధ్రాలకూ ఓడల్లో చేసినట్టే కొయ్య బిరడాలు కొట్టి, మిగిలినవాటిని ఈత నార కుంచెతో దులిపి, ఇంజను నడిపారు. ఈరమ్మకు కూర్చుని చేసే పని ఇచ్చారు. బడే సాబ్‌కు చెప్పకుండా కాశప్ప ఆ రిపోర్టుకు నకళ్లు తీయించాడు. గొట్టాలు చూపించిన పద్ధతిలోనే, వచ్చిన ప్రతివాడికీ ఆ కాగితం చూపించడం మొదలుపెట్టాడు.

రెండేళ్ల తర్వాత, 1958 చలికాలంలో, ఎమ్మిగనూరు నుంచి మాదన్న అనే అద్దకం షెడ్డు యజమాని బడే సాబ్ కోసం మనిషిని పంపాడు. నూలుకు రంగు పట్టడానికి కాగే నీళ్లలో ఉప్పు కలిపి పంపుతో తిప్పుతారు. కొత్తగా వేసిన స్టెయిన్‌లెస్ స్టీలు పంపు చక్రం ఏడాది తిరక్కుండా జల్లెడ అయింది. బడే సాబ్ బస్సు దిగి షెడ్డులోకి నడిచేసరికి, మాదన్న నూలు చుట్టలు పక్కకు నెట్టి కుర్చీ వేయించాడు.

“కర్నూలులో చదువుకున్న ఇంజనీర్లు ఉండారు గదా. నన్నెందుకు పిలిస్తిరి?” అన్నాడు బడే సాబ్.

“వాళ్లూ వచ్చినారు. ఒకాయన ఉప్పుదే తప్పన్యాడు, ఒకాయన స్టీలుదే అన్యాడు. ఇంకొకాయన మా పనోళ్లను అన్యాడు. కాశప్ప సావుకారి మీ కాగితం సూపించినాడు. తప్పు నాదే అని తానే రాయించుకున్న మనిషిని అందులోనే సూసినా. మా పంపును మీరు సూసి ఏం సెప్తే అది నమ్ముతా.”

బడే సాబ్ కుర్చీలో కూర్చోలేదు. పంపు మూత విప్పమన్నాడు. చక్రాన్ని వెలుతురు వైపు తిప్పి, గుంటలను ఒక్కొక్కటిగా గోటితో తడుముతూ పోయాడు. చుట్టూ చేరిన అద్దకంవాళ్లు ఆయన మాట కోసం ఇంకాస్త దగ్గరికి జరిగారు.